పవర్ తగ్గించిన అద్దాలు పడటం లేదా? మసక ఎక్కడిదో ఇలా తేల్చుకోండి

పవర్ తగ్గిన అద్దాలు మనకు రెండు దారుల్లో వస్తాయి. పాత పవర్ ఎక్కువైందని పరీక్షలో తేలి డాక్టరే తగ్గించి రాసినవి కొన్ని. కళ్లను సహజంగా బాగుచేసుకుందామన్న ఆశతో మనమే అడిగి తగ్గించుకున్నవి కొన్ని. మొదటి వారం ఇబ్బందులు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి, కారణాలు మాత్రం వేరు. కళ్లు పరీక్షించడం నా వృత్తి. "కొత్త జోడు పడలేదండీ" అంటూ తిరిగొచ్చినవాళ్లతో నేను ముందుగా తేల్చుకునేది ఒక్కటే: ఈ మసక అద్దానిదా, కన్నీటి పొరదా, కంటిలోని కండరానిదా, కంటి లోపలి లెన్సుదా, వెనక తెరలా ఉండే రెటీనాదా? అది తెలియకుండా పవర్ ఇంకా తగ్గించినా, మళ్లీ పెంచినా చీకట్లో బాణం వేసినట్టే.

ఇక్కడ ఆగాల్సినవాళ్లు

కంట్లో మెరుపులు మెరిసినట్టున్నా, నల్లటి చుక్కలు ఉన్నట్టుండి గుంపుగా తేలినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు చూపు మూసుకుపోతున్నా, సరళరేఖలు వంకర పోయి కనిపించినా అద్దాల సంగతి పక్కన పెట్టి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెటీనా ఊడటం ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లలో మిగతావాళ్లకంటే ఎక్కువ. "పవర్ తగ్గించాను కదా, అలవాటయ్యేదాకా ఇలాగే ఉంటుందేమో" అని వారం రోజులు ఊరుకుంటే చూపే పోవచ్చు.

ఇంట్లో చేసుకునే రెండు పరీక్షలు

మందపాటి కాగితానికి సూదితో ఒక మిల్లీమీటరు బెజ్జం పెట్టండి. కొత్త అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటి ముందు ఆ బెజ్జాన్ని ఉంచి గోడ మీది క్యాలెండర్ అంకెలు చూడండి. ఇంతసేపూ మసకగా ఉన్న అంకె తేటపడితే లోపం పవర్‌ది లేదా కన్నీటి పొరది. బెజ్జంలోంచి కూడా మసకే ఉంటే కారణం లోపల ఉంది, అంటే శుక్లం, రెటీనా, నరం లాంటివి. అప్పుడు అద్దాలు ఎన్ని మార్చినా లాభం లేదు.

రెండో పరీక్షకు స్కేలు కావాలి. ఇది మైనస్ పవర్ ఉన్నవాళ్లకు. అద్దాలు తీసి, ఒక కన్ను మూసి, అచ్చు కాగితాన్ని దగ్గర నుంచి మెల్లగా దూరం జరపండి. అక్షరాల అంచులు చెదరడం మొదలైన చోట ఆపి, కంటి నుంచి కాగితం ఎన్ని సెంటీమీటర్లుందో కొలవండి. 100ని ఆ అంకెతో భాగిస్తే మీ పవర్ ఉజ్జాయింపుగా వస్తుంది. దూరం 50 సెంటీమీటర్లైతే మైనస్ 2, 40 అయితే రెండున్నర, 25 అయితే 4. ఇదే కొలత తగ్గించిన అద్దాలతో తీసుకుంటే, అద్దం ఎంత చాలడం లేదో తెలుస్తుంది. మీటరు దగ్గర మసక మొదలైతే 1 తక్కువ, రెండు మీటర్ల దగ్గరైతే అర తక్కువ. సిలిండర్ (కంటి వంపు అన్ని దిక్కుల్లో ఒకేలా లేనందుకు ఇచ్చే పవర్) ఎక్కువున్నవాళ్లకు మాత్రం ఈ లెక్క సరిగ్గా రాదు.

"దూరానివి మసక, దగ్గరివి హాయిగా ఉన్నాయి"

ఇది జబ్బు కాదు. తగ్గించిన మైనస్ చేసే పనే అది. పూర్తి పవర్ అద్దంతో కంప్యూటర్ తెర చూసేటప్పుడు కంటిలోని సన్నటి కండరం బిగుసుకుని లెన్సును ఉబ్బించాలి. పవర్ 1 తగ్గించిన అద్దంతో ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది. అందుకే రోజంతా తెర ముందు కూర్చునేవాళ్లకు, ముఖ్యంగా 40 దాటినవాళ్లకు, దగ్గరి పనికి తక్కువ పవర్ జోడు నిజంగా సుఖమిస్తుంది. ఆ జోడును ఆ పనికే ఉంచుకోండి. బండి నడపడానికి, రోడ్డు దాటడానికి పూర్తి పవర్ జోడు వాడండి. ఇందులో నేను రాజీ పడను. పవర్ తగ్గించుకోవాలన్న మీ కోరికకు దారిన పోయేవాళ్లు మూల్యం చెల్లించకూడదు.

మసకతో కాపురం చేస్తే కన్ను తనంతట తాను సర్దుకుంటుందా అని చాలామంది అడుగుతారు. పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఒక మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ వస్తుంది. అలా సాగిన కన్ను అద్దం తగ్గించినంత మాత్రాన కుంచించుకుపోదు. పిల్లల విషయంలో ఈ ఆశ ఇంకా ప్రమాదం. మలేసియాలో కొందరు పిల్లలకు కావాలనే తక్కువ పవర్ ఇచ్చి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. పూర్తి పవర్ పెట్టుకున్నవాళ్లకంటే వీళ్లకే సైట్ వేగంగా పెరిగింది. పిల్లలకు మేలు చేస్తున్నట్టు గట్టిగా తేలింది ఆరుబయటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి సమయానికి రోజూ 40 నిమిషాల ఆరుబయటి ఆటలు కలిపితే మూడేళ్లలో కొత్తగా సైట్ వచ్చిన పిల్లలు తగ్గారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇక ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల అద్దాలు మీ అంతట మీరు తగ్గించకండి, తీసేయకండి. ఆ వయసులో మెదడుకు తేటబొమ్మ అందకపోతే ఆ కన్ను బద్ధకపు కన్నుగా, అంటే తర్వాత అద్దం పెట్టినా చూపు పూర్తిగా రానిదిగా, మిగిలిపోవచ్చు. ప్లస్ పవర్ తగ్గిస్తే కొందరు పిల్లలకు మెల్లకన్ను తిరగబెడుతుంది.

"యంత్రం ఎక్కువ చూపింది, డాక్టరు తక్కువ రాశారు"

ఒక కుర్రాడు వచ్చాడు. రాత్రీ పగలూ తెర పనే. పెట్టుకున్నది మైనస్ 3.25. యంత్రంలో గడ్డం ఆనించి చూస్తే 3.50 వచ్చింది. అక్షరాలను ఎరుపు, పచ్చ రంగుల మీద చూపిస్తే పచ్చ మీదివే నల్లగా, తేటగా ఉన్నాయన్నాడు. మైనస్ ఎక్కువైందనడానికి అది గుర్తు. కండరాన్ని సడలించే చుక్కలు వేసి, పనిచేసేదాకా ఆగి చూస్తే 2.50. మిగతాదంతా బిగుసుకుపోయిన కండరం చూపించిన దొంగ సైట్.

ఇలాంటివాళ్లకు తగ్గించిన అద్దం మొదట్లో మసకగానే ఉంటుంది. ఏళ్ల తరబడి బిగిసిన కండరం ఒక్క రోజులో వదలదు. కొందరికి డాక్టర్లు కొన్నాళ్లు చుక్కలు కొనసాగిస్తారు, కొందరికి రెండు మెట్లుగా తగ్గిస్తారు. మీరు చెయ్యాల్సింది దగ్గరి పనికి విరామం ఇవ్వడం. ఇరవై నిమిషాలకోసారి ఆరు మీటర్ల అవతలికి ఇరవై సెకన్లు చూడండి. పుస్తకమైనా ఫోనైనా పిడికిలి నుంచి మోచేయంత దూరంలో పట్టుకోండి. ఫోను ముఖానికి దగ్గరవుతుంటే మనకు తెలియదు, పక్కనున్నవాళ్లను హెచ్చరించమని చెప్పుకోవడం మేలు. "సహజంగా పవర్ తగ్గింది" అని చెప్పుకునే నిజమైన అనుభవాల్లో నేను చూసినవి ఎక్కువగా ఇవే. అక్కడ తగ్గింది ఎక్కువైన పవరే. అది తగ్గడం కూడా చిన్న లాభం కాదు.

"నేల పైకి లేచినట్టుంది, మెట్లు దిగాలంటే భయం"

మైనస్ అద్దం వస్తువులను కొంచెం చిన్నవి చేసి చూపిస్తుంది. పవర్ తగ్గితే అవే వస్తువులు కొంచెం పెద్దవై, దగ్గరికి వచ్చినట్టనిపిస్తాయి. తల తిప్పినప్పుడు బొమ్మ కదిలే వేగం కూడా మారుతుంది. మెదడు పాత లెక్కతో అడుగు వేస్తుంది కాబట్టి తూలినట్టుంటుంది. డాక్టరు తగ్గించి రాసిన జోడైతే పొద్దున లేవగానే పెట్టుకోండి, రోజు మధ్యలో మార్చకండి. పాతదీ కొత్తదీ గంటకోసారి మార్చుతూ ఉంటే మెదడు ఏదీ నేర్చుకోదు. మొదటి రెండు మూడు రోజులు మెట్ల దగ్గర కమ్మీ పట్టుకోండి. చాలామందికి వారంలో సర్దుకుంటుంది, కొందరికి రెండు వారాలు.

రెండు వారాలు దాటినా నేల ఒక వైపు వాలినట్టు, తలుపు చట్రం వంగినట్టు కనిపిస్తే సిలిండర్‌ను అనుమానించండి. పాత, కొత్త జోళ్లను ఒక్కొక్కటిగా చేయి చాచి పట్టుకుని, అద్దంలోంచి తలుపు నిలువు అంచును చూస్తూ జోడును గడియారం ముల్లులా మెల్లగా తిప్పండి. సిలిండర్ ఉంటే ఆ అంచు కత్తెర నోరులా వాలుతుంది. రెండు జోళ్లలో ఆ వాలు తేడాగా ఉంటే సిలిండర్ గానీ, దాని కోణం (యాక్సిస్) గానీ మారిందన్నమాట. కావాలని మార్చారో, బిగించడంలో తప్పిందో అడగండి.

ఇంకో కారణం, అద్దం నడిబిందువు కంటిపాపకు ఎదురుగా లేకపోవడం. మైనస్ 5 అద్దం 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే అందులో 2 ప్రిజం, అంటే బొమ్మను పక్కకు జరిపే గుణం, పుడుతుంది. కళ్లు రోజంతా ఆ తేడాను లాక్కొస్తాయి, సాయంత్రానికి కణతలు పీకుతాయి. అలవాటు చేసుకుంటే పోయేది కాదు, కొలిపించి అద్దాలు మార్పించుకోవాల్సిందే. జోడు ముక్కు మీద ఎక్కడ కూర్చుందో కూడా చూసుకోండి. కిందికి జారితే మైనస్ పవర్ ఇంకా తగ్గినట్టవుతుంది. వేలితో పైకి నెట్టగానే తేటపడితే సరిచెయ్యాల్సింది ముక్కు దిండ్లనే.

"పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి మసక"

గట్టిగా రెండుసార్లు రెప్పలు కొట్టండి. వెంటనే తేటపడితే అది కన్నీటి పొర ఎండిపోవడం. తెర చూసేటప్పుడు మనం రెప్ప కొట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది, కొట్టినా సగమే మూస్తాం. రెప్పలు పూర్తిగా మూసి తెరవడం, ఫ్యాను, ఏసీ గాలి ముఖానికి తగలకుండా కూర్చోవడం, తెరను కంటి మట్టానికి కాస్త కిందికి దించడం, వెచ్చటి తడిగుడ్డ మూసిన రెప్పల మీద కొన్ని నిమిషాలు ఉంచడం చెయ్యండి. చాలకపోతే నిల్వ రసాయనాలు లేని కృత్రిమ కన్నీటి చుక్కల గురించి డాక్టర్ని అడగండి. రెప్ప కొట్టినా తేటపడకుండా, దూరం చూస్తూ కొన్ని నిమిషాలు గడిచాకే తేటపడితే అది పైన చెప్పిన కండరం బిగుతు.

"ఒక్క క్షణం అంతా అద్దంలా కనిపించి పోయింది"

ఆ క్షణం ఎంత ఆశ పెడుతుందో నాకు తెలుసు. చాలాసార్లు అది కన్నీళ్లు కంటి ముందు పరుచుకుని కాసేపు లెన్సులా పనిచేయడం, లేదా తెలియకుండా రెప్పలు చిట్లించడం. చిట్లించిన రెప్పల సందు మనం కాగితానికి పెట్టిన బెజ్జం లాంటిదే. ఇంకో మార్పు నెమ్మదిగా వస్తుంది. గంటా రెండు గంటలు మసకలో ఉంటే మెదడు ఆ మసకను చదవడం నేర్చుకుని, చార్టు మీద ఇంకో వరస చదివిస్తుంది. ఆ మెరుగుదల నిజం, రోజువారీ పనులకు పనికొస్తుంది కూడా. కంటి పవర్ మాత్రం కొలిస్తే అంతే ఉంటుంది. మీ ప్రగతి రాసుకుంటుంటే ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, రెప్పలు చిట్లించకుండా చూసి రాసుకోండి. తగ్గింపు 0.25 చొప్పున, రెండు కళ్లకూ సమానంగా ఉండాలి. ఒకదానికే తగ్గిస్తే మెదడు తేటగా ఉన్న కన్నుకే అలవాటు పడుతుంది.

"రాత్రిపూట దీపాల చుట్టూ గీతలు"

చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది. పగలు కప్పిపుచ్చిన పావు, అర తక్కువ అప్పుడు బయటపడుతుంది. రాత్రికి పూర్తి పవర్ జోడే. అదీ చాలకపోతే శుక్లం ఉందేమో చూపించుకోండి.

"చత్వారం అద్దాలు లేకుండానే చదువుతున్నాను!"

ఈ మాట విన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానం వస్తుంది. వయసు మీద పడ్డాక దగ్గరి చూపు ఉన్నట్టుండి బాగుపడి, దూరం మసకబారితే శుక్లం గట్టిపడుతూ మైనస్ తెస్తోందేమో చూడాలి. ఆ సుఖం కొన్నాళ్లే. షుగర్ ఉన్నవాళ్లలో ఇంకో కథ: షుగర్ పెరిగినప్పుడు తరచూ మైనస్ వైపు, మందులతో వేగంగా దిగినప్పుడు ప్లస్ వైపు పవర్ జరుగుతుంది. ఆ ఊగిసలాటలో చేయించుకున్న అద్దాలు నెల తిరగకుండానే పనికిరావు. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పరీక్ష చేయించుకోండి. కొత్తగా పవర్ ఇలా ఊగుతుంటే, షుగర్ ఎప్పుడూ చూపించుకోనివాళ్లు ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఆహారం, నిద్ర, కంటి వ్యాయామాలు

విటమిన్ ఎ లోపముంటే రేచీకటి వస్తుంది, కంటి పొర ఎండుతుంది. లోపం తీరితే ఆ బాధ తగ్గుతుంది. ఆకుకూరలు, పండ్లు, చేపలు తినడం, పొగ మానడం, ఎండలో చలువ అద్దాలు పెట్టుకోవడం, బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడం ఇవన్నీ రెటీనాను, లెన్సును కాపాడతాయి. కంటి పవర్ మాత్రం తగ్గించవు. రెండూ వేరు వేరు పనులు. చాలినంత నిద్ర లేకపోతే కళ్లు ఎండి మండుతాయి, అప్పుడు ఏ అద్దమైనా తప్పుగానే అనిపిస్తుంది.

అరచేతులతో కళ్లు మూసుకోవడం లాంటి పద్ధతులకు పేరు తెచ్చినవారు అమెరికన్ కంటి వైద్యుడు విలియం బేట్స్ (1860-1931). చూపును దూరానికీ దగ్గరికీ సర్దేది కంటి బయటి కండరాలని ఆయన నమ్మారు. ఆ పని చేసేది లోపలి లెన్సు. అయినా చేతులతో కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చుంటే విశ్రాంతి దొరుకుతుంది, చెయ్యండి. కనుగుడ్డు మీద ఒత్తిడి పెట్టకుండా, కళ్లు నలపకుండా చెయ్యండి. గట్టిగా నలిపే అలవాటు కంటి ముందున్న పారదర్శక పొర (కార్నియా) ఉబ్బి కోసుగా మారే జబ్బుకు దారితీయవచ్చు. ఇంట్లో తయారుచేసిన ఏ చుక్కలూ కంట్లో వేసుకోవద్దు.

ఇవేవీ సరిపోక మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే పాత జోడు, కొత్త జోడు, రెండు చీటీలూ తీసుకెళ్లండి. మసక ఏ వేళ, ఎంత దూరంలో, ఏ కంటికి వస్తోందో, రెప్ప కొడితే పోతోందో లేదో, బెజ్జంలోంచి ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. "చుక్కలు వేసి ఒకసారి చూస్తారా?" అని అడగడానికి మొహమాటపడకండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు వెలుతురు భరించలేరు, దగ్గరివి కనిపించవు. ఆ రోజు బండి మీరు నడపకుండా తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.