కోట గోడ మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి: జర్మనీ కోటలకు బయలుదేరే కుటుంబాలకు జాగ్రత్తలు

గత ఫింగ్‌స్టెన్ (క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ) సెలవుల్లో రైన్ నది ఒడ్డున ఒక శిథిల కోటలో ఆరేళ్ల బాబు పిట్టగోడ మీద నుంచి అవతలికి పడిపోయాడు. అప్పుడు నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మన వైపు నుంచి వచ్చిన తాతగారు మనవణ్ణి గోడ మీద కూర్చోబెట్టి, నడుము పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా ఫోన్ పట్టుకున్న కోడలు, “మామయ్యగారూ, ఒక్క క్షణం చెయ్యి తీయండి, ఫొటోలో పడుతోంది” అన్నది. ఆయన చెయ్యి తీశారు. సరిగ్గా అప్పుడే కింద నదిలో పడవ కూత వినిపించి, బాబు వెనక్కి తిరిగాడు. అవతల రెండు మీటర్ల కింద ముళ్లపొదలు పెరిగిన గట్టు ఉండబట్టి ముంజేతి ఎముక విరగడంతో సరిపోయింది కాని, నాలుగడుగులు పక్కన కూర్చోబెట్టి ఉంటే కింద లోయే.

ఇప్పుడు వేసవి సెలవులు వస్తున్నాయి. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్‌లలో ఉంటున్న మన కుటుంబాలు అత్తమామల్ని, తల్లిదండ్రుల్ని రప్పించుకుని కోటలు చూపించే కాలం ఇదే. నీళ్ల సీసాలు, గొడుగులు, మంచి బూట్ల సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఒకటే: పిల్లల్ని కోట గోడ మీద కూర్చోబెట్టకండి, నిలబెట్టకండి, గోడ దగ్గర భుజాల మీదికి ఎత్తుకుని లోయ చూపించకండి.

ఆ గోడ ఎందుకు నమ్మదగినది కాదు

మనలో చాలామంది చిన్నప్పుడు గోల్కొండలో గోడలెక్కి ఆడుకున్నవాళ్లమే కనుక, వెడల్పాటి రాతిగోడను చూడగానే అరుగు చూసినట్టే అనిపిస్తుంది. ఇది అరుగు కాదు. వాన నీరు నిలవకుండా చాలాచోట్ల గోడ పైరాళ్లను బయటి వైపుకు వాలుగా పరుస్తారు. నీడ పడే వైపున వాటి మీద సన్నని నాచు ఉంటుంది, అది చేత్తో తడిమితే తప్ప తెలియదు. కూర్చున్న పిల్లవాడు కాళ్లు ఆడిస్తే ఒళ్లు జారేది లోపలికి కాదు, బయటికే.

రెండో కారణం ఎత్తు. జర్మనీలో చాలా రాష్ట్రాల భవన నిబంధనల ప్రకారం కొత్త కట్టడాల్లో 12 మీటర్లకు మించి పడే అవకాశం ఉన్నచోట రక్షణ గోడ 1.10 మీటర్ల ఎత్తు ఉండాలి. పురాతన కట్టడాలను మాత్రం వాటి పాత రూపం చెడకుండా కాపాడతారు కనుక, కోటకొమ్మల మధ్య సందులు అప్పటి కొలతల్లోనే ఉండిపోయాయి. కావలి కాసే సైనికుడు వంగి కిందికి చూడటానికి వదిలిన ఆ సందు అడుగు పెద్దవాళ్ల నడుము దగ్గరికి, ఒక్కోచోట మోకాలి దగ్గరికి వస్తుంది. మూడేళ్ల పిల్లకు అది సరిగ్గా ఎక్కి దూరడానికి తగిన గూడులా కనిపిస్తుంది. “బెట్రేటెన్ ఔఫ్ ఐగెనె గెఫార్” అనే పలక వేలాడుతుంటే, లోపల అడుగుపెట్టడం మీ సొంత బాధ్యత అని దాని అర్థం. “ఎల్టర్న్ హాఫ్టెన్ ఫ్యూర్ ఈరె కిండర్” అంటే పిల్లలకు తల్లిదండ్రులే జవాబుదారీ అని. ఆ పలకలను అలంకారం కోసం పెట్టలేదు.

సాక్సనీలోని క్యోనిగ్‌స్టైన్ కోటలో గోడ అవతల ఒక సన్నని రాతి అంచును చూపిస్తారు. 1675లో రాజుగారి కొలువులోని యువకుడు ఒకడు తప్పతాగి దాని మీదికి పాకి నిద్రపోయాడట. రాజు అతణ్ణి ముందు తాళ్లతో కట్టించి, ఆ తర్వాతే బాకాలు ఊదించి లేపించాడట. పిల్లలకు ఈ కథ చాలా నచ్చుతుంది. కథ చెప్పండి కాని, ఆ అంచు చూపించడానికి ఎత్తుకోకండి.

తొందరే సగం ప్రమాదం

బవేరియాలోని నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటలో లోపలికి వెళ్లే నిమిషం టికెట్టు మీదే రాసి ఉంటుంది, గైడ్ లేకుండా పంపరు, సమయం దాటితే ఆ టికెట్టు పనికిరాదు. కింద హోహెన్‌ష్వాన్‌గావ్ ఊరి నుంచి పెద్దవాళ్లకు ముప్పై, నలభై నిమిషాల ఎక్కుడు. నాలుగేళ్ల పాపతోనూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మతోనూ అది గంట అవుతుంది. పిల్లల బండిని, వీపుకు తగిలించుకునే పిల్లల బుట్టను, పెద్ద బ్యాగును లోపలికి రానివ్వరు. ఈ సంగతి ద్వారం దగ్గర తెలిసి, నిద్రపోతున్న బిడ్డను ఒక చేత్తో, బండిని మరో చేత్తో పట్టుకుని పరుగెత్తే తండ్రిని అక్కడ ఏ రోజైనా చూడవచ్చు. ఆలస్యమైతే టికెట్టు వదులుకోండి. పిల్లల్ని పరుగెత్తించకండి, అడవిలో అడ్డదారి పట్టకండి.

దగ్గరలోని మరియెన్‌బ్ర్యూకె అనే ఇనుప వంతెన ప్యోలాట్ లోయకు దాదాపు 90 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి కోట మొత్తం చక్కగా కనిపిస్తుంది కనుక జనం కిక్కిరిసిపోతారు. నాన్న భుజాల మీద కూర్చున్న పిల్ల నడుము, వంతెన కటకటాలకంటే పైన ఉంటుంది. వెనక నుంచి ఎవరో తోస్తారు. మళ్లీ చెబుతున్నాను: అక్కడ భుజాల మీద ఎక్కించుకోవద్దు.

మెట్ల దగ్గర

బురుజుల్లోని చుట్టుమెట్లు నడిమి స్తంభం వైపు బెత్తెడు వెడల్పు కూడా ఉండవు. పిల్లల్ని వెడల్పాటి గోడ వైపు నడిపించండి. ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు పిల్లల వెనక, దిగేటప్పుడు ముందు ఉండాలి. జారితే మీ మీద పడతారు, మెట్ల మీద కాదు. బ్రౌబాక్ దగ్గరి మార్క్స్‌బుర్గ్ కోటలో లోపలికి వెళ్లే దారి రాతిని చెక్కిన ఎగుడుదిగుడు మెట్లు. అక్కడ చెప్పులతో, కుచ్చిళ్లు నేలను తాకే చీరతో అత్తగారిని ఎక్కించడం ఎంత పొరపాటో, నాకు మా సొంత ఇంట్లోనే తెలిసివచ్చింది.

ఇక మిగిలినవి వరసగా:

కోటలో అడుగుపెట్టగానే ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషిని పేరుపెట్టి అప్పగించండి. “అందరం చూస్తున్నాం” అంటే ఎవరూ చూడటం లేదని అర్థం.

ఫొటో తీసేవారు పిల్లల కాపలాదారు కాకూడదు.

కాపలా ఉన్నవారిని చెయ్యి తీయమనకండి. ఫొటోలో చెయ్యి పడనివ్వండి.

తాడు కట్టిన చోటు దాటవద్దు. జర్మన్లు దాటినా మీరు దాటవద్దు.

బావి కటకటాల మీద వంగనివ్వకండి. క్యోనిగ్‌స్టైన్ బావి లోతు 152.5 మీటర్లు.

పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయండి. డబ్బు పడదు. చాలా అడవి దారుల్లో అంకె వేసిన “రెట్టుంగ్స్‌పుంక్ట్” (సహాయక బృందాలు వచ్చే చోటు) పలకలు ఉంటాయి. ఎక్కేటప్పుడే వాటిని ఫొటో తీసి ఉంచుకుంటే, మీరున్న చోటు చెప్పడానికి ఆ అంకె చాలు.

వెన్ను, మెడ దెబ్బ తిన్నదనిపిస్తే లేపి కూర్చోబెట్టకండి. నీళ్లు తాగించకండి.

ఇండియా నుంచి వచ్చినవారి ప్రయాణ బీమా కాగితం హోటల్లో కాదు, చేతిసంచిలో ఉండాలి.

కారులో 12 ఏళ్ల లోపు, 150 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. “ఊరి చివరిదాకే కదా” అని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

కోటలో గోడ మీద వద్దన్నామని, కిందికొచ్చాక పార్కింగ్ పక్కన ఉన్న గోడ మీద కూర్చోబెట్టకండి. దాని అవతల కూడా వాలే.

మోసెల్‌కెర్న్ ఊరి నుంచి బుర్గ్ ఎల్ట్స్ కోటకు నడిచే దారి వంటి అడవి బాటల్లో వెళ్లి వచ్చిన సాయంత్రం పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, జుట్టు మొదళ్లలో వెతకండి. మన పశువులకు పట్టే పిడుదు వంటిదే ఇక్కడ “త్సెకె” అని ఉంటుంది. బవేరియా, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో చాలా భాగం దాని ద్వారా వచ్చే మెదడువాపుకు ప్రమాద ప్రాంతమే. దానికి టీకా ఉంది కనుక అక్కడ ఉండేవారు పిల్లల డాక్టరును ముందే అడగండి. పురుగు కనిపిస్తే నూనె పోయకండి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా లాగండి. కుట్టిన చోటు, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పెద్దదవుతూ కనిపిస్తే, ఆ కాగితంతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి.