నప్పే కొలువు – 3వ పాఠం: ఎలా ఉంటుందని కాదు, ఏం జరిగిందని అడగండి

పోయిన పాఠంలో ఒక కాగితం రాయించాను గుర్తుందా? 'జీతం ఎంతిచ్చినా ఈ పని మాత్రం చేయను' అనుకునేవి ఒక వైపు, 'చిరాకే గానీ సర్దుకుపోతాను' అనుకునేవి ఇంకో వైపు. ఇవాళ్టికి మొదటి వైపు చాలు. అందులో మూడు, నాలుగుకు మించి ఉంటే మళ్లీ చూసుకోండి. ఇంటి అద్దె, ఈఎంఐలు ఉన్నవాళ్లకు అన్ని పట్టింపులు కుదరవు.

ఆ కాగితం మీద ఉన్నదాన్ని ప్రశ్నగా మార్చడమే ఈ పాఠం.

ఇంటర్వ్యూ చివర్లో చాలామంది 'మీ దగ్గర వర్క్ కల్చర్ ఎలా ఉంటుందండీ' అని అడుగుతారు. దానికి 'బాగుండదు' అని చెప్పే హెచ్‌ఆర్ ఇంకా పుట్టలేదు. 'మేమంతా ఒక ఫ్యామిలీలాగా ఉంటాం' అంటారు. (ఆ మాట వినపడగానే నాకు ఆదివారాల మీద అనుమానం వస్తుంది.) ఎలా ఉంటుందని అడిగితే గొప్పలు చెప్పుకోవచ్చు. ఫలానా రోజుల్లో ఏం జరిగిందని అడిగితే జరిగింది చెప్పాలి, లేదా నసగాలి. నసిగినా మనకు జవాబు దొరికినట్టే.

విజయవాడ పక్కన ఎనికేపాడు, నిడమానూరు వైపు ఏదో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు వెళ్లారనుకోండి. మీ కాగితం మీద 'తల్లిదండ్రులకు అబద్ధాలు చెప్పను' అని ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు అడిగితే బ్రోషర్‌లోని వాక్యం అప్పజెబుతారు. ఇలా అడగండి: 'పోయిన వేసవిలో, పరీక్షలయ్యాక లెక్చరర్లు ఏం పని చేశారండీ?' అడ్మిషన్ల సీజన్‌లో లెక్చరర్లను పదో తరగతి పిల్లల ఇళ్ల చుట్టూ తిప్పడం మన దగ్గర కొత్తేమీ కాదు. 'కొంచెం క్యాంపెయినింగ్ ఉంటుంది' అన్నారా, వెంటనే రెండోది: 'తలా ఎన్ని తెమ్మన్నారు? తేలేనివాళ్లను ఏం చేశారు?' ఈ చివరి ముక్క వదలొద్దు. టార్గెట్ పెట్టడం వేరు, తేలేనివాళ్ల జీతం ఆపడం వేరు. జీతం ఆగుతుందన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఎవరి గుమ్మంలోనో నిలబడి ఎన్ని ర్యాంకులు చెబుతాడో మీరే ఊహించుకోండి.

గొంతులో నిలదీత వద్దు. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు వివరాలు కనుక్కున్నట్టుండాలి. అదే ప్రశ్న గేటు బయట టీ తాగుతున్న లెక్చరర్‌ని కూడా అడగండి. రెండు జవాబులూ కలవకపోతే నేనైతే టీకొట్టు జవాబే నమ్ముతాను.

కొన్నిచోట్ల అడిగి లాభం లేదు, చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు దగ్గర గుమస్తా పని ఉంది, 'తూకంలో మోసం చేయను' అన్నది మీ పట్టింపు. ఆ మాట అడిగితే మీ మీదే అనుమానపడతారు. వేసవి సెలవులకు ముందు, సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో వెళ్లి కాటా దగ్గర కాసేపు నిలబడండి. టిక్కీ (మిర్చి బస్తా) పెట్టాక అంకె కదలకుండా ఆగేదాకా ఆగుతున్నారా, ఈలోపే రాసేస్తున్నారా? ఆ అంకె రైతుకు కనబడుతోందా? తరుగు ఎంత తీశారని రైతు అడిగితే లెక్క చెబుతున్నారా, కసురుతున్నారా? కసురుతుంటే, రేపు చేరాక ఆ చీటీ రాయాల్సింది మీరే.

బందరు రోడ్డు మీద బట్టల షోరూమ్ అయితే మధ్యాహ్నం మూడింటికి, బేరాల్లేని వేళ వెళ్లండి. కౌంటర్ వెనక స్టూలు ఉందా? షాపు ఖాళీగా ఉన్నా అమ్మాయిలంతా నిలబడే ఉన్నారంటే అది యజమాని పెట్టిన రూలే అయ్యుంటుంది. స్టూలు కోసం వెతకడం చాదస్తం కాదు. పనివాళ్లకు కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలనే సవరించాయి.

ఇంట్లో కూర్చుని చూడగలిగింది కూడా ఒకటుంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో 'ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్' అని ఉంటుంది. అక్కడ సంస్థ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన జమైందో, ఎంతమందికి కట్టారో కనబడుతుంది. ఇంటర్వ్యూలో 'మా స్టాఫ్ 200 మంది' అన్నవాళ్లు 35 మందికే కట్టి ఉంటే మిగతావాళ్ల సంగతేంటని అడగండి. కొందరు కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు కావచ్చు, చూడగానే దొంగలని ముద్ర వేయొద్దు. కానీ ప్రతి నెలా ఆలస్యమే కనబడుతుంటే మీ జీతం తేదీ గురించి కూడా గట్టిగా ఆలోచించుకోవాలి.

హోంవర్క్: మీ కాగితం మొదటి వైపు నుంచి ఒకటి తీసుకోండి. దాన్ని 'పోయిన నెల', 'పోయిన దసరాకి', 'మొన్న మానేసినాయన' లాంటి మాటతో మొదలయ్యే ప్రశ్నగా రాయండి. ఎక్కడో ఒకచోట ఉద్యోగం చేస్తున్న మీ బావనో వదిననో అడిగి చూడండి. జవాబులో పేరో, తేదీయో, సంఘటనో రాకపోతే ప్రశ్న మార్చి రాయండి. వచ్చే పాఠంలో ఆఫర్ లెటర్ చదవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమన్నప్పుడు ఏం మాట్లాడాలో చూద్దాం.