వేసవికి ఫ్యాను, రెగ్యులేటర్ బిగిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ఫ్యాను లైను చావదు. కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ వెంటనే అందుకుంటుంది. దాన్నీ ఆపండి. ఆపైన సీలింగు దగ్గర రెండు వైర్లకూ టెస్టర్ పెట్టండి. ఆ టెస్టర్ అసలు వెలుగుతుందో లేదో ముందు కరెంటున్న సాకెట్‌లో చూసుకోవాలి.

గోడ స్విచ్ ఒక్కటే నమ్మొద్దు. పాత ఇళ్లలో అది న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్లే వైరుకి) పడి ఉండొచ్చు. అప్పుడు ఫ్యాను ఆగినా వైర్లో ఫేజ్ (షాక్ కొట్టే కరెంటు) ఉంటుంది.

ఫేజ్ స్విచ్ నుంచి రెగ్యులేటర్‌కి, అక్కడి నుంచి ఫ్యానుకి వెళ్లాలి. రెగ్యులేటర్‌కి న్యూట్రల్ తగిలిస్తే 5వ నంబరు మీద నేరుగా షార్టే.

బీఎల్‌డీసీ ఫ్యానుకి (లోపలే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండే, కరెంటు తక్కువ తీసుకునే రకం) రెగ్యులేటర్ తీసేయండి, ఉంచితే ఆ సర్క్యూట్ పోవచ్చు.

లైటు డిమ్మర్ వద్దు. మోటారు గుర్రుమంటుంది, కాలుతుంది.

కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే, ఛార్జి నిలవుండే చిన్న డబ్బా) మారిస్తే పాతదాని విలువే తీసుకోండి, ఎక్కువ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్. పాతదాని కొసలు ముట్టుకోవద్దు, ఛార్జి మిగిలి ఉంటుంది.

రాడ్డు బోల్టుకి స్ప్లిట్ పిన్ పెట్టి రెండు కొసలూ విడదీసి వంచండి. ఊగి ఊగి నట్టు ఊడిపోతే బోల్టు జారకుండా పట్టేది అదే.

ఎర్త్ వైరు మడిచి దాచేయకండి, ఫ్యాను బాడీకి బిగించండి.