యూదుల ఇంటికి పరామర్శకు వెళ్ళేటప్పుడు

యూదు కుటుంబంలో ఎవరైనా మరణిస్తే, ఖననం జరిగిన రోజు మొదలుకొని ఏడు రోజుల పాటు అయినవారు పనులు మాని ఇంటిపట్టునే శోకదీక్షలో ఉంటారు. ఈ వారాన్ని షివా అంటారు. హీబ్రూలో ఆ మాటకు ఏడు అని అర్థం. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, సోదరుడు, సోదరి, భార్య లేదా భర్త, వీరిలో ఒకరిని పోగొట్టుకున్నవారికే షివా విధి. తక్కిన సమాజం మీద ఉన్న విధి వారిని పరామర్శించడం. 12వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ రోగిని చూడబోవడం కన్నా దీనికే ముందు స్థానం ఇచ్చాడు. ఎందుకంటే ఇది బతికున్నవారికీ, పోయినవారికీ కూడా చేసే మేలు అన్నాడు. యూదు మిత్రుల ఇంటికో, పొరుగింటికో ఇలా వెళ్ళవలసివచ్చిన ఇతర మతస్థులు కూడా ఈ మర్యాదలు తెలుసుకొని వెళ్తే మంచిది.

ముందుగా సమయం చూసుకోవాలి. ఖననం కాకముందు ఓదార్పు మాటలు పనికిరావు. మృతదేహం ఎదురుగా ఉన్న వేళ మిత్రుణ్ణి ఓదార్చవద్దని యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నాలో రబ్బీ (మతగురువు) షిమోన్ బెన్ ఎలాజార్ హెచ్చరించాడు. ఖననం వీలైనంత త్వరగా జరపాలన్నది ఆచారం కాబట్టి ఆ గంటల్లో ఇంటివారికి కావలసింది బంధువులకు కబురు చేసేవారు, దూరం నుంచి వచ్చేవారిని ఎదురేగి తీసుకువచ్చేవారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు. అది ఏడు రోజుల లెక్కలో చేరుతుంది గాని ఆ రోజున శోకాన్ని బయటికి కనపడనివ్వరు, సాధారణంగా పరామర్శకు ఎవరూ వెళ్ళరు. మధ్యలో పస్కా వంటి పెద్ద పండుగ మొదలైతే షివా అక్కడితో ఆగిపోతుంది. ఏడో రోజు ఉదయానికే దీక్ష ముగుస్తుంది కనుక, చివరి రోజు సాయంత్రం తీరిగ్గా వెళ్దామనుకున్నవారు వెళ్ళేసరికి ఆ ఇంట షివా ఉండదు.

శ్మశానం నుంచి తిరిగివచ్చాక దుఃఖంలో ఉన్నవారు తొలి భోజనం తమ సొంత తిండితో చేయకూడదు, ఇరుగుపొరుగువారే తేవాలి. గుడ్లు, మసూర్ పప్పు వంటి గుండ్రటి పదార్థాలు పెట్టడం పాత ఆచారం. మసూర్ గింజకు నోరు, అంటే చీలిక, లేనట్టే దుఃఖితుడికీ నోట మాట ఉండదని మిష్నా మీద పండితుల చర్చలను కూర్చిన తాల్ముద్ చెబుతుంది. ఈ భోజనం గురించే అక్కడ మరొక ముచ్చట ఉంది. ఒకప్పుడు ధనవంతుల ఇళ్ళకు వెండి బంగారు బుట్టల్లోనూ, పేదల ఇళ్ళకు బెరడు ఒలిచిన మామూలు కొమ్మలతో అల్లిన బుట్టల్లోనూ ఆహారం తెచ్చేవారట. పేదలు చిన్నబోతున్నారని గమనించిన పండితులు, ఇకమీదట అందరి ఇళ్ళకూ ఆ మామూలు బుట్టల్లోనే తేవాలని కట్టడి చేశారు. అందుచేత తీసుకువెళ్ళేది ఆడంబరంగా ఉండనక్కరలేదు. అయితే కోషర్ నియమం, అంటే యూదుల ఆహార నియమం, పాటించే ఇంటికి మీ వంటగదిలో వండినది పట్టుకువెళ్తే వారు ముట్టుకోలేకపోవచ్చు. కోషర్ గుర్తు ఉండి సీలు విప్పని పదార్థం తీసుకువెళ్ళడమో, కోషర్ దుకాణం నుంచి నేరుగా పంపించడమో చేయాలి. ఏది కావాలో దుఃఖంలో ఉన్నవారిని అడగవద్దు, భోజనాల ఏర్పాటు చూస్తున్న సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) సభ్యులను అడగండి. పువ్వులు ఇచ్చే ఆచారం సాధారణంగా లేదు. పోయినవారి పేరిట ఏదైనా దానం చేస్తే దాన్ని ఎంతో గౌరవంగా తీసుకుంటారు.

చాలా ఇళ్ళలో ఆ వారం తలుపు గడియ వేయరు. గంట కొట్టకుండా నెమ్మదిగా లోపలికి వెళ్ళవచ్చు. అద్దాలకు గుడ్డలు కప్పి ఉండవచ్చు, ఒక దీపం నిరంతరం వెలుగుతూ ఉండవచ్చు. ఇంటివారు తోలు చెప్పులు లేకుండా, చింపిన వస్త్రంతో, ఎత్తు తక్కువ పీటల మీద కూర్చొని కనిపిస్తారు. వారిని పైకి లేచి కుర్చీలో కూర్చోమనడం మర్యాద అనిపించుకోదు. వారు లేచి మీకు స్వాగతం చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా. మీరు సైతం షలోమ్ (శాంతి) అనే మామూలు పలకరింపు లేకుండా దగ్గరలో కూర్చోండి.

అన్నిటికన్నా కష్టమైన నియమం మాటకు సంబంధించినది. దుఃఖితుడు నోరు విప్పేదాకా ఓదార్చవచ్చినవారు మాట్లాడరాదని తాల్ముద్ శాసిస్తుంది. బైబిల్లో పిల్లలను పోగొట్టుకున్న యోబు కథే దీనికి ఆధారం. అతని మిత్రులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. ముందు మాట్లాడినవాడు యోబే. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది తోచినదేదో అనేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. మొదటి శతాబ్దపు గురువు రబ్బాన్ యోహానాన్ బెన్ జక్కాయ్ కొడుకు చనిపోయినప్పుడు ఐదుగురు శిష్యులు వచ్చారట. కొడుకును పోగొట్టుకొని కూడా ఆదాము ఓదార్పు పొందాడని ఒకరు, యోబు పొందాడని మరొకరు, అహరోను, దావీదు పొందారని తక్కిన ఇద్దరు చెప్పారు. నా దుఃఖం నాకు చాలదా, ఇంకొకరి దుఃఖాలు కూడా గుర్తుచేస్తున్నారు అన్నాడు గురువు. ఐదోవాడైన ఎలాజార్ బెన్ అరాఖ్, రాజు దాచిపెట్టమని ఇచ్చిన సొత్తును చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించినవాడితో గురువును పోల్చి, ఆ కుర్రవాడి చదువును, నిర్మలమైన జీవితాన్ని తలచుకున్నాడు. గురువు మనసు కుదుటపడింది. పోలిక గొప్పతనం సరే, ఐదుగురిలో ఆ అబ్బాయి గురించి మాట్లాడినవాడు అతనొక్కడే అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. కనుక సంభాషణ మొదలయ్యాక పోయినవారి గురించి మీకు తెలిసిన ఒక సంగతి, ఇంటివారు విని ఉండనిది అయితే మరీ మంచిది, చెప్పండి. మీ ఇంట జరిగిన చావు కబుర్లు వద్దు. గది మూలన చేరి వ్యాపార విషయాలు మాట్లాడుకోవడం అంతకన్నా వద్దు. షివా ఇళ్ళలో ఇది తరచుగా కనిపించే దోషమే.

మీరున్నప్పుడు ప్రార్థన మొదలైతే నిలబడి మౌనంగా ఉంటే సరిపోతుంది. దుఃఖితులు పఠించే కద్దిష్ అనే దైవస్తుతికి మిన్యాన్, అంటే వయసు వచ్చిన పదిమంది యూదులు ఉండాలి. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థడాక్స్ సమాజాలు పురుషులనే లెక్కిస్తాయి, రిఫార్మ్ వంటి సంస్కరణవాద శాఖలు స్త్రీలను కూడా లెక్కిస్తాయి. విచిత్రమేమిటంటే అరమాయిక్ భాషలోని ఆ ప్రార్థనలో మరణం ప్రస్తావన ఎక్కడా రాదు.

ఎక్కువసేపు కూర్చోవద్దు. దుఃఖితుడు తల ఊపితే ఇక సెలవు తీసుకోవలసిందే. లేచేటప్పుడు అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న) యూదులు, సీయోను, యెరూషలేముల కోసం శోకించే తక్కిన వారందరితో పాటు దేవుడు మిమ్మల్ని ఓదార్చుగాక అనే అర్థం వచ్చే హీబ్రూ వాక్యం చెబుతారు. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు) పరలోకం నుంచి మీకు ఓదార్పు కలుగుగాక అంటారు. హీబ్రూ రానివారు ఆ భావాన్నే తమ మాటల్లో చెప్పవచ్చు.

ఏడో రోజు ఉదయం ఇంటివారు పీటల మీద నుంచి లేచి, చాలాచోట్ల వీధిలో కాస్త దూరం నడిచి వస్తారు. దీక్ష కొంత సడలినా ముప్పై రోజుల వరకు సాగుతుంది. తల్లిదండ్రులకైతే పన్నెండు నెలలు. తల్లి కోసమో తండ్రి కోసమో కద్దిష్ చెప్పేవారు పదకొండు నెలల పాటు రోజూ సినగాగ్‌కు వెళ్తారు, అక్కడ ఒక మనిషి తక్కువైనా ఆ పూట కద్దిష్ చెప్పడం కుదరదు. ఆ సమాజంలో సభ్యులైనవారు వారంలో ఒక ఉదయం తాము తప్పకుండా వస్తామని ముందుగానే పేరు ఇచ్చి పెట్టుకోవచ్చు.