పెరుగులో కడ్డీలు – 4వ పాఠం: గ్రామ్ రంగులు వేయడం

గత పాఠంలో పెరుగు తేటను శుద్ధజలంతో పలుచన చేసి, స్లయిడు మీద పూసి, ఆరాక మంట మీదుగా మూడుసార్లు పోనిచ్చాం. ఇక ఆ పూతలోని కడ్డీ ఆకారపు బాక్టీరియా కనిపించేలా రంగు వేద్దాం. అంతకుముందు దీపం ఆర్పేయండి. ఈ పాఠంలో ఆల్కహాల్ వాడతాం.

గ్రామ్ అంటే ఇక్కడ తూకం కాదు, మనిషి పేరు. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ పద్ధతిని ప్రకటించాడు.

పూత మీద క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు పోసి నిమిషం ఆగి కడగండి. తర్వాత అయొడిన్ ద్రావణం, మరో నిమిషం. ఈ రెండూ కణం లోపల కలిసి పెద్ద ముద్దలవుతాయి. మళ్లీ కడగండి.

అసలు పరీక్ష ఇప్పుడే. స్లయిడును వాల్చి పట్టుకుని 95 శాతం ఆల్కహాల్‌ను చుక్కచుక్కగా జారవిడవండి. జారే చుక్కలో ఊదారంగు కనిపించని క్షణాన ఆపి, వెంటనే నీళ్లతో కడగాలి. పూత పలుచగా ఉంటే పది పదిహేను సెకన్లు చాలు. మందపాటి గోడ ఉన్న బాక్టీరియా ఊదారంగును పట్టి ఉంచుతుంది, పలుచటి గోడది వదిలేస్తుంది. కానీ ఆల్కహాల్ ఎక్కువసేపు పోస్తే మందపాటి గోడ కూడా వదిలేస్తుంది. అందుకే గడియారాన్ని కాదు, చుక్కను చూడమంటాను. చివరగా, ఊదా వదిలేసిన కణాలకు గులాబీరంగు పట్టించే సాఫ్రనిన్ పోసి నిమిషం ఆగి, కడిగి, అద్ది ఆరబెట్టండి.

సూక్ష్మదర్శినికి వాడే నూనె చుక్క వేసి దాని 100 రెట్ల కటకంతో చూడండి. కంటి కటకం 10 రెట్లదైతే మొత్తం వెయ్యి రెట్లు. ఊదారంగు కడ్డీలు విడివిడిగానో గొలుసులుగానో కనిపిస్తే అవి పాలను పెరుగుగా మార్చే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా కావచ్చు. పక్కన గుండ్రటివీ ఉంటాయి, కంగారు పడకండి. తోడును బట్టి కొన్ని ఇళ్ల పెరుగులో అవే ఎక్కువ.

కడ్డీలు గులాబీరంగులో కనిపిస్తే వెంటనే గ్రామ్ నెగటివ్ (అంటే ఊదారంగు వదిలేసే పలుచటి గోడది) అని రాసుకోవద్దు. ముందు పెరుగు వయసు అడగండి. బాగా పులిసిన పెరుగులో ముసలి కణాల గోడలు దెబ్బతిని రంగు నిలవదు. చాలామంది అభ్యాసకులు తడబడేది ఇక్కడే.

వచ్చే పాఠానికి ముందు ఈ పూట తోడుకున్న పెరుగుతో ఒకటి, మూడు రోజుల నాటి పెరుగుతో ఒకటి, రెండు స్లయిడ్లకూ ఒకే రోజు రంగు వేసి, కనిపించింది కనిపించినట్టు పెన్సిలుతో గీసి ఉంచండి.