గుడారంలో రాత్రి – నాలుగో పాఠం: ఏ కాలానికి ఏ స్లీపింగ్ బ్యాగ్

పోయిన పాఠంలో గుడారం వేసుకోవడానికి నేల ఎలా చూసుకోవాలో నేర్చుకున్నాం. లోయ అడుగున చల్లగాలి దిగి నిలిచిపోతుందని, కాస్త పైన చదునుగా ఉన్న చోటు మేలని చెప్పాను. ఆ మాటతో ఈ పాఠంలో మళ్ళీ పని పడుతుంది.

స్లీపింగ్ బ్యాగ్ వేడి పుట్టించదు. వేడి పుట్టేది మన ఒంట్లోనే. అది బయటికి పోకుండా ఆపేది బ్యాగ్‌లో చిక్కుకున్న గాలి. ఇంట్లోని దూది పరుపును గుర్తు తెచ్చుకోండి. ఏళ్ళ తరబడి పడుకుంటే దూది గడ్డకట్టి పరుపు పలచబడుతుంది. దూదేకేవాళ్ళు వచ్చి ఏకి పెడితే మళ్ళీ పొంగుతుంది. దూది అదే, బరువూ అదే, పెరిగింది గాలి ఒక్కటే. స్లీపింగ్ బ్యాగ్‌కి మనం డబ్బు పెట్టేది ఆ పొంగు కోసమే. అందుకే కొనేముందు దాన్ని సంచిలోంచి తీయించి, పది నిమిషాలు పరిచి ఉంచి, ఎంత పొంగిందో చూడాలి.

ఇక అసలు పాఠం, లేబుల్ చదవడం. మంచి బ్యాగుల మీద వెచ్చదనం పరీక్షించిన ప్రమాణం పేరు, పాతవాటికి ఈఎన్ 13537 అనో, ఇప్పటివాటికి ఐఎస్‌ఓ 23537 అనో రాసి, పక్కన మూడు ఉష్ణోగ్రతలు ఇస్తారు. మొదటిది కంఫర్ట్: మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడమనిషి ఒళ్ళు ముడుచుకోకుండా హాయిగా నిద్రపోగల చలి. రెండోది లిమిట్: మామూలు మగమనిషి ముడుచుకుని పడుకుని, వణుకు రాకుండా రాత్రి గడపగల చలి. మూడోది ఎక్స్‌ట్రీమ్: ప్రాణం నిలుస్తుందేమో గానీ ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడిపోయే చలి. ఈ మూడో అంకెను చూసి ఎప్పుడూ కొనకండి. ఆడా మగా తేడా లేకుండా, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కంఫర్ట్ అంకెనే పట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

నాకు ఈ సంగతి లంబసింగిలో తెలిసింది. డిసెంబరు చివర. నా బ్యాగ్ మీద పెద్ద అక్షరాలతో 5 డిగ్రీలు అని ఉంది. తెల్లవారుజామున నా చేతి థర్మామీటర్ 6 చూపించింది. లెక్క ప్రకారం నిద్ర పట్టాలి. కానీ మూడు గంటల నుంచీ వణుకుతూ కూర్చున్నాను. పొద్దున లేబుల్‌ను నిదానంగా చదివితే, ఆ 5 లిమిట్ అంకె అని తేలింది. కంఫర్ట్ 10 అని కింద చిన్నగా ఉంది. ఇంకో తప్పు కూడా చేశాను. కింద పట్టా ఒక్కటే పరిచాను, నేల చలిని ఆపే మందపాటి మ్యాట్ లేదు. ఈ అంకెలు తేల్చే పరీక్షలో వేడిచేసిన బొమ్మకు పొడుగు చేతుల లోదుస్తులు, మేజోళ్ళు తొడిగి, మ్యాట్ మీద పడుకోబెడతారు. మ్యాట్ లేకపోతే లేబుల్ మీద అంకె మనకు వర్తించదు. మన బరువుకి వీపు కింద బ్యాగ్ అణిగిపోతుంది, అక్కడ గాలి మిగలదు. నేల వేడిని లాగేసుకుంటూనే ఉంటుంది.

మరి వెళ్ళబోయే చోట రాత్రి ఎంత చలి ఉంటుందో ఎలా తెలుసుకోవాలి? సగటున వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున విశాఖలో 18 ఉందనుకోండి. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు కాబట్టి 11 లేదా 12 రావాలి. కానీ నిజంగా అంతకన్నా బాగా తగ్గుతుంది. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది, ఆ చల్లగాలి పల్లానికి జారి నిలుస్తుంది. కాబట్టి లెక్కలో వచ్చిన అంకెలోంచి, ఆకాశం తేటగా ఉండే కాలమైతే ఇంకో ఐదు డిగ్రీలైనా తీసేయండి. ఎత్తు ఒక్కటే చూసినా మోసపోతాం. ఆదిలాబాద్ వైపు అంత ఎత్తు లేకపోయినా డిసెంబరు, జనవరి నెలల్లో పది డిగ్రీల లోపుకి పడిపోయే రాత్రులుంటాయి.

“సమ్మర్ బ్యాగ్”, “వింటర్ బ్యాగ్” అన్న పేర్లను నేను అంతగా నమ్మకపోవడానికి కారణం ఇదే. ఒక్క జూన్ నెలనే తీసుకోండి. మొదట్లో, ఇంకా వానలు పడకముందు, కృష్ణా ఒడ్డున పడుకుంటే పలచటి నూలు దుప్పటి చాలు, బ్యాగే అక్కర్లేదు. నెల చివర మారేడుమిల్లిలో చలి తక్కువే కానీ అంతా తేమ. అదే నెలలో మనాలి దగ్గర హంప్తా పాస్ దారిలో కనుమ మీద ఇంకా మంచు ఉంటుంది, రాత్రులు సున్నా దగ్గరికి వెళ్తాయి. అక్కడికి సున్నా లేదా మైనస్ 5 కంఫర్ట్ ఉన్నది కావాలి. చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్ళేవాళ్ళకైతే మైనస్ 10 కంఫర్ట్. దానికోసం వేలు పోసి కొనకండి. ఏడాదికి ఒక్క ట్రెక్ చేసేవాళ్ళు అద్దెకు తీసుకోవడమే మేలు, లోపల మీ సొంత లైనర్, అంటే పలచటి గుడ్డ సంచి, వేసుకోండి.

మనవైపు కొండలకు ఒకే ఒక్కటి కొనాలంటే ఏది అని అడిగితే, 5 డిగ్రీల కంఫర్ట్ ఉన్న సింథటిక్ బ్యాగ్, అంటే కృత్రిమ నార నింపినది, అంటాను. బాతులు, పెద్దబాతుల మెత్తటి నూగుతో చేసే డౌన్ బ్యాగ్ తేలిక, చిన్నగా మడతపడుతుంది, బరువుకు తగ్గ వెచ్చదనంలో దాన్ని మించింది లేదు. కానీ తడిస్తే ముద్దయిపోతుంది, పొంగు పోతుంది. సింథటిక్ బరువెక్కువే అయినా, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది. అరకు పొగమంచులో, వానల్లో దానికే నా ఓటు. పొడి చలి ఉన్న హిమాలయాలకు మాత్రం డౌన్.

షాపులో మొహమాటపడకుండా బ్యాగ్‌లో దూరి పడుకుని చూడండి. భుజాల దగ్గర బిగిస్తే పొంగు నలిగిపోతుంది. కాళ్ళ దగ్గర జానెడు కంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఆ గాలినీ మీ ఒళ్ళే వేడి చేయాలి. జిప్ వెనక లోపలివైపు దూది గొట్టంలాంటి పట్టీ ఉందో లేదో తడిమి చూడండి. అది లేకపోతే జిప్ పొడవునా చలి దూరుతుంది. తలకు టోపీలాంటి భాగం, దాన్ని ముఖం చుట్టూ బిగించే తాడు కూడా ఉండాలి. ముఖాన్ని మాత్రం లోపలికి లాక్కోవద్దు, ఊపిరి తడికి బ్యాగ్ చెమ్మగిల్లుతుంది.

ఇంటికొచ్చాక చిన్న సంచిలో కుక్కి అటక మీద పడేయకండి. నెలల తరబడి నలిగితే పొంగు తిరిగి రాదు. ఆరబెట్టి, పెద్ద నూలు సంచిలో వదులుగా ఉంచండి. కోస్తా ఉక్కలో బూజు పట్టకుండా నెలకోసారి నీడలో ఆరేయండి.

ఈ వారం అభ్యాసం. మీరు వెళ్ళాలనుకుంటున్న ఒక చోటు, ఒక నెల ఎంచుకోండి. దగ్గరి ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రత రాసుకుని, ఎత్తుకు తగ్గట్టు తగ్గించి, తేట ఆకాశానికి ఐదు తీసి, కావలసిన కంఫర్ట్ అంకె తేల్చండి. తర్వాత మూడు బ్యాగుల లేబుళ్ళు చూసి, పెద్ద అక్షరాల్లో ఉన్నది మూడింటిలో ఏ అంకో గుర్తించండి. ఆ కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో మ్యాట్ ఎంచుకునేటప్పుడు ఆ అంకెతోనే మొదలుపెడతాం.