కాలీఫ్లవర్‌లో దిగుబడినిచ్చే లైన్లను ఎంచుకోవడం ఎలా?

మడిలో అన్నిటికంటే పెద్ద పువ్వు కనబడగానే ఆ మొక్కను విత్తనానికి వదిలేస్తాం. ఆ బరువు విత్తనం నుంచి వచ్చిందా, అక్కడ పశువుల ఎరువు ఎక్కువ పడటం వల్ల వచ్చిందా? ఇది తేలకుండా చేసే ఎంపిక వచ్చే ఏడాదికి నిలవదు.

ముందుగా లైన్లను, అంటే ఒక్కో మూలం నుంచి వేరుగా పెంచుతున్న విత్తన వరసలను, కాలం ప్రకారం విడదీయండి. 1822లో ఇంగ్లండ్‌లోని క్యూ తోట నుంచి సహారన్‌పూర్‌కు వచ్చిన ఈ పంటలో, మన వేడికి తట్టుకునే రకాలు తర్వాత ఏర్పడ్డాయి. పూసా కత్కీ లాంటి ముందస్తు రకాలు 20-27 డిగ్రీల దగ్గర పువ్వు కడతాయి. ఆలస్యపు రకాలైన స్నోబాల్‌లకు 10-16 డిగ్రీల చలి కావాలి. ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే గుండీ అంత పువ్వు వస్తుంది, ఆలస్యపు రకాన్ని ముందు నాటితే ఆకులే పెరుగుతాయి. రెండింటినీ ఒకే మడిలో పోల్చడం అన్యాయం.

ఒకే కాలపు లైన్లు ఇరవై దాకా తీసుకుని, ఒక్కొక్కదాన్ని మూడు మడుల్లో నాటండి. ఏది ఏ మడిలో పడాలో చీటీ తీసి నిర్ణయించండి. మడి అంచు మొక్కలను లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రతి మడిలో ఐదు మొక్కలకు పువ్వు కట్టిన రోజు, ఆకుల సంఖ్య, పువ్వు వ్యాసం, లోతు, గట్టిదనం రాసుకోండి. బరువు మాత్రం రెండుసార్లు తూచండి: ఆకులతో ఒకసారి, ఆకులు తీసేశాక ఒకసారి. ఆకుల బరువు చూసి మోసపోవడం ఈ పంటలో చాలా తేలిక. కోసిన మొక్క విత్తనం ఇవ్వదు కనుక ప్రతి లైనులో కొన్ని మొక్కలను కోయకుండా ఉంచండి.

ఇక లెక్క. తేడాల్లో లైన్ల వాటా ఎంత, మిగతా కారణాల వాటా ఎంత అని విడదీసే పట్టికను అనోవా అంటారు. పువ్వు బరువుకు ఆ పట్టికలో లైన్ల వర్గ సగటు (మీన్ స్క్వేర్) 33,000, దోషానిది, అంటే నేల, ఎరువు లాంటి మిగతా తేడాలది, 3,000 వచ్చాయనుకుందాం. తేడాను 3 మడులతో భాగిస్తే 10,000. ఇదే విత్తనం వల్ల వచ్చిన వైవిధ్యం. దానికి 3,000 కలిపితే మొత్తం 13,000. అంటే అనువంశికత, మొత్తం వైవిధ్యంలో విత్తనం వాటా, సుమారు 77 శాతం. సగటు బరువు 500 గ్రాములైతే, మేలైన 5 శాతం లైన్లను ఎంచుకున్నప్పుడు తర్వాతి తరంలో దాదాపు 180 గ్రాముల పెరుగుదల ఆశించవచ్చు (2.06 × 114 × 0.77; ఇందులో 2.06 మేలైన 5 శాతం ఎంపికకు వాడే స్థిరసంఖ్య, 114 అనేది 13,000 వర్గమూలం). అయితే ఇది ఒక్క చోట, ఒక్క కాలంలో వేసిన లెక్క. వేరే కాలంలోనూ తూచాకే ఆ 77 శాతాన్ని నమ్మండి.

అనువంశికత ఎక్కువగా ఉండి ఈ పెరుగుదల తక్కువగా ఉన్న లక్షణం మీద కాలం వృథా చేయొద్దు, అందులో ఎంచుకోవడానికి తగినంత వైవిధ్యం లేదు. పువ్వు బరువుతో వ్యాసం, లోతు కలిసి నడుస్తున్నాయేమో చూడండి. నడిస్తే పువ్వును కోయకుండానే, కొలతతోనే ఎంపిక చేయవచ్చు.

ఎంచుకున్న మొక్కల మీద తేనెటీగలు వాలకుండా వల కట్టండి. ముందస్తు రకాలు తమ పుప్పొడిని తామే తిరస్కరిస్తాయి, కాబట్టి విచ్చుకోని మొగ్గను విప్పి అదే మొక్క పుప్పొడి అద్దాలి. వచ్చిన విత్తనాన్ని వచ్చే ఏడాది అదే కాలంలో, మీ ప్రాంతంలో రైతులు వేసే రకం పక్కనే నాటి మళ్ళీ తూచండి.